ఐదు నిమిషాల పని

బొమ్మలక్కకి కోపం ముక్కు మీదే ఉంటుందని షాపులో అందరూ అంటారు. ఉండదూ మరి! పొద్దున పదింటికి కుర్చీలో కూర్చుంటే సాయంత్రం ఆరింటికి లేచేలోగా కనీసం పదిమంది వచ్చి వెనక నిలబడి, భుజం మీంచి తెర మీదకి వేలు చాపి, "అక్కా, ఇది కొంచెం అటు జరపవా" అంటారు. అమ్మేవాళ్లు అంటారు, బిల్లులు కొట్టేవాళ్లు అంటారు, గోడౌన్లోంచి పెట్టెలు మోసుకొచ్చినవాళ్లు కూడా చెమట తుడుచుకుంటూ ఒక సలహా పారేసి పోతారు. రిపేరు కౌంటర్లో మెకానిక్ బాబాయ్ స్క్రూ బిగిస్తుంటే "అది ఇటు తిప్పు బాబాయ్" అనే మొనగాడు ఒక్కడైనా ఉన్నాడా? లేడు. ఎందుకంటే అది పని. బొమ్మ చెయ్యడం పని కాదట.

షాపు అంటే మూడంతస్తుల ఇంటి సామాన్ల షాపు. కింద గిన్నెలు, కుక్కర్లు. మధ్యలో మిక్సీలు, గ్రైండర్లు. పైన ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు. బొమ్మలక్క కూర్చునేది వీటిలో ఏ అంతస్తులోనూ కాదు. మెట్లు మలుపు తిరిగే చోట, కరెంటు మీటర్ల పక్కన, ఒక కాలు కింద అట్టముక్క మడిచి పెట్టిన బల్ల, దాని మీద కంప్యూటరు. మెట్లెక్కే ప్రతివాళ్ల మోచెయ్యీ ఆవిడ కుర్చీకి తగలాల్సిందే. అక్కడే కూర్చుని ఏడేళ్లుగా షాపు సోషల్ మీడియా పేజీలకి బొమ్మలు చేస్తోంది. రోజుకొకటి, ఒక్కోసారి రెండు. అందుకే ఆ పేరు పడింది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎవరి నోట్లోనూ లేదు.

ఓనరు మరీ చెడ్డవాడేం కాదు. కొన్న వస్తువు పాడైందని తెస్తే గొణక్కుండా మార్చి ఇస్తాడు, పనివాళ్లకి ఒంట్లో బాగోలేదంటే ఇంటికి పంపేస్తాడు. కానీ బొమ్మ దగ్గరికొచ్చేసరికి ఆయనకి రెండే ముక్కలు వచ్చు. ఒకటి, "ఐదు నిమిషాల పని కదమ్మా". రెండోది, "నా ఫోటో ఇంకాస్త పెద్దది చెయ్యి". మిక్సీ పక్కన ఆయన నవ్వు. ఫ్యాను కింద ఆయన నవ్వు. చీపుర్ల కట్ట మీద కూడా ఆయన నవ్వే. ఎప్పుడో చుట్టాల పెళ్లిలో ముప్పైరెండు పళ్లూ కనపడేలా తీయించుకున్న ఆ ఒక్క ఫోటోనే అన్నిటికీ దిక్కు. బొమ్మలక్క దాన్ని ప్రతిసారీ మూలకి నెట్టి చిన్నది చేస్తుంది, ఆయన ప్రతిసారీ మధ్యలోకి లాక్కొస్తాడు. ఇక ఖాళీ జాగా కనపడిందా, ఆయనకి ప్రాణం ఉసూరుమంటుంది.

"ఇంత చోటు ఊరికే వదిలేశావేంటమ్మా? ఇక్కడో గ్రైండరు పడుతుంది కదా!"

"పడుతుంది సార్. గ్రైండరూ పడుతుంది, మీరూ పడతారు. చూసేవాళ్ల కంటికి మాత్రం ఏదీ ఆనదు."

ఓనరు నవ్వేసి వెళ్లిపోయాడు. ఆవిడ నవ్వలేదు.

ఆవిడ ఈ పని ఏ పెద్ద కాలేజీలోనూ నేర్చుకోలేదు. పదో తరగతి కాగానే ఒక ఫోటో స్టూడియోలో చేరింది. రెండేళ్లపాటు ఆల్బమ్ ఫోటోల్లో మనుషుల చుట్టూ ఉన్న చెత్తంతా వెంట్రుకవాసి తేడా లేకుండా కత్తిరించడమే పని. తర్వాత ఒక చిన్న ప్రింటింగు ప్రెస్సులో పంతొమ్మిదేళ్లు. అక్కడి ప్రెస్సు మాస్టారు చండశాసనుడు. కరపత్రం ఇరుగ్గా కూర్చిందంటే చెక్క స్కేలుతో బల్ల మీద టపటపా కొట్టి, "ఇలా కుక్కితే అక్షరం ఎక్కడ కూర్చుంటుందే? చదివేవాడికి ఊపిరాడొద్దూ?" అని అరిచేవాడు. ఆ అరుపులకి ఎన్నిసార్లు కళ్లనీళ్లు పెట్టుకుందో లెక్కలేదు. కానీ ఏ అక్షరం పెద్దదవ్వాలి, ఏది తగ్గాలి, ఏ రంగు పక్కన ఏ రంగు పెడితే రెండూ చస్తాయి, ఇవన్నీ ఆ స్కేలు కిందే వచ్చాయి. ప్రెస్సు మూతపడ్డాక కూతుర్ని బడికి పంపి, కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కతే ఆ సాఫ్ట్‌వేర్లన్నీ నేర్చుకుంది. షాపులో చేరినప్పుడు పేజీకి నాలుగొందల మంది ఉండేవాళ్లు, అందులో సగం పనివాళ్లూ వాళ్ల బంధువులూ. ఇప్పుడు నలభై వేలు. ఆ నలభై వేలూ ఓనరు పళ్లు చూసి వచ్చారా, చెప్పండి!

ఆవిడకి ఒక పద్ధతుంది. చేసిన ప్రతి బొమ్మనీ బయటికి వదిలే ముందు అత్తగారికి చూపిస్తుంది. ఆ పెద్దావిడ హాల్లో కూర్చుని కూరగాయలు తరుగుతుంటే, ఫోను మొహం ముందు పెట్టి, చిటికె వేసి, లాగేస్తుంది. అంతే టైము. ఎందుకంటే బయట జనం బొటనవేలు అంతకంటే ఎక్కువ ఆగదు, పైకి తోసేస్తుంది. "ఏముంది ఇందులో అత్తయ్యా?" అని అడిగితే అత్తగారు మొహమాటం లేకుండా చెప్పేస్తుంది. "ఏదో అమ్ముతున్నారు." "ఎవడో ఇకిలిస్తున్నాడు." "నీలంగా ఉంది, ఏంటో తెలీలేదు." సరిగ్గా "ఇస్త్రీపెట్టె, రెండేళ్ల గ్యారంటీ" అని ఆవిడ నోటి నుంచి వచ్చేదాకా కోడలు మళ్లీ కూర్చుని మార్చాల్సిందే. ఒక్కోసారి ఏడెనిమిది సార్లు. ఐదు నిమిషాల పని మరి!

ఆరు నెలల కిందట షాపు తన సొంత పేరుతో స్టీలు కుక్కర్లు చేయించి తెచ్చింది. వాటి బొమ్మ ఆవిడ మూడు రోజులు చేసింది. నల్ల గుడ్డ మీద కుక్కరు ఒక్కటే పెట్టి, కిటికీ వెలుగులో ఫోటో తీసి, పక్కన ఒకటే వాక్యం రాసింది: "పొద్దున హడావిడి సగం తగ్గుతుంది." ఓనరు మొహం చొక్కా గుండీ అంత చేసి కింద మూలన పెట్టింది. ఆయన రెండు రోజులు అలిగాడు. పెట్టిన నాలుగో రోజుకల్లా గోడౌన్ ఖాళీ అయింది. మూడొందల చిల్లర కుక్కర్లు.

"నా మొహం కలిసొచ్చిందమ్మా," అన్నాడు ఓనరు.

సరిగ్గా అప్పుడే ఆయన అల్లుడు షాపులో అడుగుపెట్టాడు. ఎక్కడో మార్కెటింగు చదివొచ్చాడట. వచ్చీ రాగానే ఒక సాఫ్ట్‌వేరు తెచ్చాడు. అందులో వెయ్యి అచ్చులు రెడీగా ఉంటాయి. ఒక దాని మీద నొక్కి, ఫోటో దోపి, పేరు మారిస్తే బొమ్మ తయారు.

"చూశారా ఆంటీ? ఇప్పుడు డిజైను ఎవరైనా చెయ్యొచ్చు. మీరు ఇంక కష్టపడక్కర్లేదు," అన్నాడు అల్లుడుగారు, ఏదో వరం ఇస్తున్నట్టు.

నలభై నాలుగేళ్లకి ఆంటీ అయినందుకు కాదు ఆవిడకి మండింది. ఆ సాయంత్రానికే పేజీ పని ఆయన చేతికి పోయి, ఆవిడకి ధరల స్టిక్కర్లూ క్యారీబ్యాగుల మీద అచ్చూ మిగిలాయి. పళ్లు నూరుకుంటూ స్టిక్కర్లు చేసుకుంది. పొమ్మంటే ఈ వయసులో ఎక్కడికి పోతుంది? ప్రెస్సులు లేవు, స్టూడియోలు లేవు. మొగుడు బస్సు డిపోలో టైర్లు మార్చి మార్చి నడుం పట్టేసి ఇంట్లో ఉన్నాడు. అందుకని నోరు నొక్కేసుకుని కూర్చుంది. పేజీ తాళం మాత్రం, అంటే పాస్‌వర్డు, పెట్టింది ఆవిడే. దాన్ని మార్చాలన్న ఆలోచన అల్లుడుగారి బుర్రకి తట్టలేదు.

ఒక సోమవారం మధ్యాహ్నం మెకానిక్ బాబాయ్ ఆవిణ్ణి కిందికి పిలిచాడు. కౌంటరు మీద రెండు కుక్కరు మూతలు బోర్లించి ఉన్నాయి. రెండూ షాపు సొంత కుక్కర్లవే.

"ఇది చూడమ్మా. లోపల ఆవిరి ఉన్నంతసేపూ మూత తెరుచుకోకుండా పట్టుకునే పిన్ను ఇది. ఈ లాటులో పిన్ను కురచగా పడింది. కొన్నాళ్లు వాడేసరికి అరిగి పట్టు తప్పుతోంది. ఆవిరి నిండుగా ఉండగానే మూత తిరిగిపోతుంది."

"తిరిగితే?"

"తిరిగితే ఏముంది? మూత ఎగిరి, ఉడుకుతున్నదంతా మొహాన పడుతుంది. ఈ మూతలు తెచ్చిన ఇద్దరి అదృష్టం బాగుంది, దూరంగా ఉన్నారు." బాబాయ్ మూత పిడి మీద బొటనవేలు పెట్టి చూపించాడు. "ఇదిగో, ఈ మూడు చుక్కల ముద్ర ఉన్నవన్నీ ఆ లాటే. మనం అమ్మినవన్నీ అవే."

బొమ్మలక్క మూత చేతిలోకి తీసుకుంది. మూడొందల చిల్లర. అందరూ తన బొమ్మ చూసే కొన్నారు. పొద్దున హడావిడి సగం తగ్గుతుందని తన చేత్తో రాసింది. ఇప్పుడు మూడొందల వంటిళ్లలో పొద్దున్నే ఆ హడావిడిలోనే ఎవరో ఒకరు ఆ పిడి మీద చెయ్యేస్తారు.

ఓనరుకి చెప్పగానే ఆయన ఒక్క క్షణం కూడా వెనకాడలేదు. "అన్నీ మార్చేద్దాం. కొత్త మూతలు తెప్పించండి," అన్నాడు. ఆ మాట చెప్పుకోవాలి. బిల్లుల్లో నంబర్లున్న అరవై మందికి ఆ రోజే ఫోన్లు చేయించాడు. మిగతావాళ్ల నంబర్లు లేవు, చిరునామాలు లేవు. వాళ్లకి చేరడానికి ఉన్న దారి పేజీ ఒక్కటే.

ఆవిడ ఇంటికెళ్లి, చెప్పులు విప్పుతూనే పనిలో కూర్చుంది. బాబాయ్ చెయ్యి ఫోటో తీసుకొచ్చింది. గ్రీజు పట్టిన బొటనవేలు గోరు, దాని పక్కనే మూడు చుక్కలు. ఆ ఫోటోని బొమ్మ నిండా పెట్టింది. చుక్కల చుట్టూ ఎర్రటి గీత ఒక్కటి. పైన మూడే ముక్కలు: "ఈ మూత వాడకండి." కింద: "ఆవిరి ఉండగానే తెరుచుకుంటోంది. తీసుకురండి, కొత్తది ఇస్తాం." ఎవరి మొహమూ లేదు, షాపు పేరు అడుగున సన్నగా ఉంది. పొద్దున్నే అత్తగారి ముందు పెట్టి చిటికె వేసింది.

ఈసారి అత్తగారు కత్తిపీట పక్కకి నెట్టి, లేచి, వంటింట్లోకి వెళ్లి తమ కుక్కరు మూత తిప్పి తిప్పి చూసింది. వాళ్లది వేరే కంపెనీదే అయినా చూసింది. బొమ్మలక్క అదే బొమ్మ పట్టుకుని షాపుకి పరిగెత్తింది.

అల్లుడుగారు చూసి మొహం అటు తిప్పుకున్నాడు. "ఏంటాంటీ ఇది, ఆస్పత్రిలో అతికించే కాగితంలా! ఇది పెడితే మన బ్రాండు ఏమవుతుంది? నెగెటివ్‌ని పాజిటివ్ చెయ్యాలి. అదే మార్కెటింగంటే."

ఆయన పాజిటివ్ అప్పటికే తయారైపోయింది. బంగారు రంగు నేపథ్యం. నాలుగు మూలలా బెలూన్లు. మధ్యలో ఓనరు, ముప్పైరెండు పళ్లతో. మీద వంపులు తిరిగిన అక్షరాల్లో "మూతల మార్పిడి మేళా! మీ నమ్మకానికి మా కానుక!" ఎక్కడో అడుగున, చీమలు బారు కట్టినంత చిన్నగా, మూడు చుక్కల సంగతీ "భద్రతా కారణాల రీత్యా" అనే ముక్కా ఉన్నాయి.

"సార్, ఇది మీకు అర్థమవుతోందా?" అని బొమ్మలక్క ఓనరు వైపు తిరిగింది. "వేలు కాలుతుందని చెప్పాల్సిన చోట బెలూన్లు పెట్టారు. ఇది చూసి ఎవరైనా పొయ్యి ఆపుతారా?"

"అంతా రాశాడు కదమ్మా కింద."

"కింద రాశారు సార్. కిందికి ఎవరు దిగుతారు? ఏడేళ్లుగా మన పేజీలో మీ నవ్వు కనపడితే అది ఆఫరని జనానికి అలవాటైపోయింది. మీ మొహం చూడగానే వేలు పైకి తోసేస్తారు. ఈ ఒక్కసారికి మీ ఫోటో వద్దు. దణ్ణం పెడతాను."

అన్నాక తెలిసింది, అనకూడని మాట అనేశానని. ఓనరు మొహం మాడిపోయింది. "అంటే నా మొహం చూసి జనం పారిపోతున్నారంటావు," అన్నాడు. "మంచి పని చేస్తున్నాం. ఉచితంగా మారుస్తున్నాం. మొహం దాచుకోవడానికి నేనేమన్నా దొంగతనం చేశానా? భయపెట్టి వ్యాపారం చెయ్యను నేను. అల్లుడు చేసింది బాగుంది, అదే పెట్టండి. నువ్వెళ్లి స్టిక్కర్ల సంగతి చూడు."

గోడకి చెప్పినా కాస్త తిరిగి వినపడేది. ఆవిడ మెట్లెక్కి కుర్చీలో కూర్చుని, స్టిక్కర్ల ఫైలు తెరిచింది. కింద మేళా బొమ్మ పేజీలోకి ఎక్కిపోయింది. సాయంత్రం ఇంట్లో దాన్ని అత్తగారికి చూపించి చిటికె వేసింది.

"మీ ఓనరుగారి పుట్టినరోజా?" అంది అత్తగారు.

మర్నాడు అల్లుడుగారు మెట్ల మీద ఆగి మరీ ఫోను చూపించాడు. పన్నెండొందల లైకులు. ఇంతవరకు ఏ పోస్టుకీ రాలేదట. "ఇప్పుడేమంటారాంటీ?" అన్నాడు. బొమ్మలక్క కామెంట్లు చదివింది. "అభినందనలు సార్." "మీరు చల్లగా ఉండాలి సార్." "ఇలాగే ఎదగాలి." "సూపర్ సార్." ఒకళ్లు చేసింది చూసి ఇంకొకళ్లు, గొర్రెల మందలా, ఒకటే అభినందనలు. ఒక్కరూ మూత అనే మాట ఎత్తలేదు. ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం టీ వేళకి రిపేరు కౌంటరు దగ్గరికి వెళ్లడం అలవాటు చేసుకుంది. "ఎన్నొచ్చాయి బాబాయ్?" ఒకటి. మర్నాడు సున్నా. ఆ మర్నాడు రెండు. ఫోన్లు అందుకున్న అరవై మందీ తెచ్చి మార్చుకున్నారు గానీ, పేజీ చూసి వచ్చినవాళ్లు ఆరు రోజుల్లో నలుగురు. నలుగురు! కొత్త మూతలు అట్టపెట్టెల్లో అలాగే పడున్నాయి. అల్లుడుగారికి ఈ లెక్క చెబితే, "రీచ్ వచ్చింది కదా, అంతమంది చూశారు, నిదానంగా వస్తార్లెండి," అన్నాడు. కుక్కరు నిదానంగా పేలుతుందా? ఒళ్లు మండిపోయి ఆవిడ ఇంట్లో గిన్నెలు ఎత్తి పడేసింది. కూతురు ఏమైందని అడిగితే కసిరింది. మొగుడు "నీకెందుకే, వాళ్ల షాపు, వాళ్ల తంటా" అన్నాడు. ఆ మాట వినడానికి హాయిగానే ఉంది, నిజం చెప్పొద్దూ. ఆరు రోజులు ఆ మాట పట్టుకునే వేలాడింది. పాస్‌వర్డు వేళ్ల చివర ఉంది. పెడితే ఉద్యోగం పోతుంది. రేపు పెడదాం, రేపటికి ఇంకో పదిమంది వస్తారేమో అనుకుంటూ ధరల స్టిక్కర్లు చేసింది.

ఏడో రోజు పొద్దున పదకొండింటికి మేళా పోస్టు కింద కొత్త కామెంటొకటి వచ్చింది. ఎవరో ఇల్లాలు, పక్కన ఫోటో కూడా పెట్టింది. "మా ఇంట్లో కూడా మీ కుక్కరే సార్! చాలా బాగుంది. మీకు శుభాకాంక్షలు." పొయ్యి మీద కుక్కరు, విజిలు దగ్గర ఆవిరి తెల్లగా లేస్తోంది. గట్టు పక్కన స్టూలు మీద నాలుగేళ్ల పిల్ల, కెమెరా వైపు చూసి నవ్వుతోంది. బొమ్మలక్క రెండు వేళ్లతో ఫోటో సాగదీసింది. మూత పిడి మీద మూడు చుక్కలు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఛీ, అనుకుంది, నా ఉద్యోగం తగలెయ్య! ఆ ఇల్లాలికి "పొయ్యి ఆపండి, మూత ముట్టుకోకండి" అని జవాబు రాసి, పాస్‌వర్డు కొట్టి, వారం కిందటి తన బొమ్మని పేజీలో అన్నిటికంటే పైన పెట్టింది. తెలిసిన ప్రతి గ్రూపుకీ పంపింది. తర్వాత కుర్చీలోంచి లేచి, మెట్లు దిగి, రిపేరు కౌంటరు పక్కన నిలబడింది.

"పెట్టేశాను బాబాయ్."

బాబాయ్ అట్టపెట్టెలు విప్పి కొత్త మూతలు బయటికి తీయడం మొదలెట్టాడు.

ఒంటిగంటకి మొదటి మనిషి వచ్చాడు, మూత సంచిలో పెట్టుకుని, పరిగెత్తినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు. తర్వాత ఇద్దరు. రెండున్నరకి కౌంటరు ముందు వరస కట్టారు. కొందరు పొయ్యి మీంచి దించి అలాగే తెచ్చినట్టున్నారు, మూతలు ఇంకా తడిగా ఉన్నాయి. ఫోటో పెట్టిన ఇల్లాలు పిల్లని చంకనేసుకుని వచ్చి, మూత బల్ల మీద పెట్టి, ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలి వెళ్లింది. మూడు గంటలకల్లా డెబ్బై రెండు మూతలు లెక్క తేలాయి.

అప్పటికి గానీ అల్లుడుగారు పేజీ చూడలేదు. మెట్లు దడదడా దిగొచ్చాడు. "ఎవర్నడిగి పెట్టారాంటీ? పేజీ మీ సొంతమా? తీసేశాను, ఇప్పుడే తీసేశాను!" వెనకే ఓనరు వచ్చాడు.

"ముప్పయ్యేళ్ల షాపమ్మా ఇది! చావు కబురు చెప్పినట్టు పెట్టావు. వద్దని చెప్పానా లేదా? నా మాటంటే అంత లోకువా?"

"ఈ వరస చూడండి సార్. ఆరు రోజుల్లో నలుగురు. రెండు గంటల్లో డెబ్బై రెండు. మీ అల్లుడుగారి బొమ్మ ఎవరి కోసం? మీ కోసం. నాది ఎవరి కోసం? వీళ్ల కోసం."

"నాకు పాఠాలు చెప్పకు. రేపట్నుంచి రావద్దు నువ్వు."

"రాను. దాన్ని తియ్యకండి, చాలు. ఇంకా నూట డెబ్బై ఉన్నాయి బయట."

వరసలో ఉన్నవాళ్లంతా ఇటే చూస్తున్నారు. వాళ్లలోంచి ఒకావిడ ముందుకొచ్చింది. ఎడమ చేత్తో మూత పట్టుకుంది. కుడి చెయ్యి మణికట్టు నుంచి మోచేతి పైదాకా తెల్లటి కట్టు. ఆ చేతిని ఒంటికి ఆనించకుండా, గాల్లోనే పెట్టుకుని నడుస్తోంది.

"మొన్న పొద్దున కాలిందండీ," అంది ఓనరుతో. "టైలర్ని నేను. కుట్టే చెయ్యి. డాక్టరుగారు రెండు నెలలు కదపొద్దన్నారు. మూత నేనే సరిగ్గా పెట్టలేదనుకున్నాను. ఇందాక ఆ చుక్కల బొమ్మ చూశాకే తెలిసింది."

ఓనరు ఏదో అనబోయాడు.

"మీరే కదండీ ఆ ఫోటోలో నవ్వుతున్నది?" అని ఆవిడ ఆయన మొహంలోకి పరీక్షగా చూసింది. "అది కూడా చూశానండీ, వారం కిందట. మీకేదో మంచి జరిగిందనుకున్నాను. అభినందనలని పెట్టాను."

ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. ఓనరు కౌంటరు అంచు పట్టుకుని నిలబడ్డాడు. అల్లుడి వైపు చూడకుండానే, "నాది తీసెయ్. తీసేసింది మళ్లీ పెట్టు," అన్నాడు. అల్లుడుగారు ఫోను తీశాడు. బాబాయ్ టైలరమ్మకి స్టూలు జరిపాడు.

"ఆ చుక్కల బొమ్మ ఎవరు చేశారండీ?" అని అడిగింది ఆవిడ కూర్చుంటూ. "చూడగానే తెలిసిపోయింది. చదవక్కర్లేకుండానే."

బాబాయ్ బొమ్మలక్క వైపు చూపించాడు.

"ఇవాళే చేశారా అమ్మా?"

"లేదమ్మా. వారం అయింది చేసి."

"వారమా?" టైలరమ్మ కట్టు మీద రెండో చెయ్యి ఆనించింది. "మరి వారం నుంచీ ఎక్కడుంది?"

బొమ్మలక్క ఓనరు వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు. వీళ్లే పెట్టనివ్వలేదని చెప్పొచ్చు. అది అబద్ధం కాదు, అక్కడున్న అందరూ నమ్ముతారు. వారం రోజులుగా కోపంతో కాగుతూ అదే మాట ఎన్నిసార్లు లోపల అనుకుందో. ఇప్పుడు ఆ తెల్లటి కట్టు ముందు అది నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"నా దగ్గరే ఉందమ్మా," అంది.